శాలువా సరే, సంపాదకత్వం ఎవరిది?

ఆడవేషంలోనో నగలు పెట్టుకునో వీధిలో కనిపిస్తే అరెస్టు చేయొచ్చు. నలుగురు తిరిగే చోట పాడితే అరెస్టు, ఆడితే అరెస్టు. వారెంటు అక్కర్లేదు. శిక్ష రెండేళ్ల దాకా. పైగా ఊళ్లో ఉన్న హిజ్రాల పేర్లు, చిరునామాలు రాసిపెట్టుకోవడానికి ఒక రిజిస్టరు. నిజాం పాలనలో, ఫసలీ 1329లో, అంటే 1919లో వచ్చిన చట్టం ఇది. దీనికి మాతృక బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టంలోని రెండో భాగం. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వచ్చి రెండయింది. ఈ చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తిస్తూ సుప్రీంకోర్టు నాల్సా తీర్పు ఇచ్చింది 2014 ఏప్రిల్ 15న. ఆ తర్వాత కూడా తొమ్మిదేళ్లు ఉంది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన పిటిషన్ మీద తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసేదాకా దానికి కాలం చెల్లలేదు.

ట్రాన్స్ మనుషుల సాహిత్య సభల గురించి మాట్లాడేటప్పుడు నాకు ముందు ఈ చట్టమే గుర్తొస్తుంది. నలుగురిలో గొంతెత్తడమే నేరంగా రాసిపెట్టిన చోట మైకు పట్టుకుని కవిత చదవడం ఉత్త వినోద కార్యక్రమం కాదు. అయితే మైకు దొరికినంత మాత్రాన పని అయిపోయిందా? ఆ మైకు ఎవరికివ్వాలో, ఎంతసేపివ్వాలో, చదివినదాన్ని అచ్చులోకి ఎవరు తీసుకెళ్లాలో నిర్ణయించేది ఇంకొకళ్లయితే ఆ సభ ఆ సాయంత్రంతోనే సరి.

2018లో రెండు సభలు జరిగాయి. జూలైలో కేంద్ర సాహిత్య అకాడమీ కోల్‌కతాలో ట్రాన్స్‌జెండర్ కవుల సమ్మేళనం పెట్టింది. అకాడమీ చరిత్రలో అలాంటిది అదే మొదలు. బెంగాలీ ట్రాన్స్ రచయిత్రి మానవి బందోపాధ్యాయ్ అందులో ప్రముఖంగా పాల్గొన్నారు. అదే ఏడాది చెన్నైలో క్వీర్ చెన్నై క్రానికల్స్ అనే చిన్న బృందం తమ సాహిత్యోత్సవం తామే పెట్టుకుంది. మొదటిదానికి ప్రభుత్వ సంస్థ పేరుంది, గుర్తింపు ఉంది. రెండోదానికి ఏ చర్చ పెట్టాలో, ఎవరిని పిలవాలో తేల్చుకునే స్వేచ్ఛ ఉంది. నన్నడిగితే రెండోదే ఎక్కువ దూరం వెళుతుంది. అకాడమీ పిలిచిన మానవి కూడా ఆ పిలుపుతో కవయిత్రి కాలేదు కదా! అంతకు 23 ఏళ్ల ముందే, 1995లో, బెంగాలీలో ‘అబమానబ్’ పేరుతో ట్రాన్స్‌జెండర్ల పత్రిక నడిపిన మనిషి ఆవిడ. ముందు పత్రిక, ఎప్పటికో సమ్మేళనం.

తమిళంలోనూ వరస ఇదే. ఎ.రేవతి పేరు మనకు తెలిసింది ఆమె ఆత్మకథతో. కానీ ఆమె మొదటి పుస్తకం ఆత్మకథ కాదు. 2004లో వచ్చిన ‘ఉణర్వుం ఉరువముం’ తోటి హిజ్రాల జీవిత కథనాల సేకరణ. ఆమె ముందు నలుగురి గొంతులు వినింది, కూర్చింది, ఆ తర్వాతే తన కథ రాసుకుంది. ఆ మొదటి పుస్తకం తర్వాత ప్రియాబాబు, లివింగ్ స్మైల్ విద్య రాశారు. విద్య కథ కన్నడంలో ‘నాను అవనల్ల అవళు’ సినిమాగా వచ్చి సంచారి విజయ్‌కి జాతీయ అవార్డు తెచ్చిపెట్టింది. ప్రియాబాబు మదురైలో ట్రాన్స్‌జెండర్ల కోసం గ్రంథాలయంతో కూడిన వనరుల కేంద్రం నడుపుతున్నారు.

ఇదంతా తమిళనాడులోనే ఎందుకు నిలదొక్కుకుంది? ఒక కారణం, 2008లోనే అక్కడి ప్రభుత్వం దేశంలో మొదటిసారిగా ట్రాన్స్‌జెండర్ల సంక్షేమ బోర్డు పెట్టడం. కాస్త రేషను, కాస్త గుర్తింపు ఉన్న మనిషే కాగితం ముందు కూర్చోగలదు. ఇంకో కారణం కూవాగం. ఏటా చిత్తిరై నెలలో కూత్తాండవర్ గుడి జాతరకు దేశం నలుమూలల నుంచీ ట్రాన్స్ మహిళలు వస్తారు. మహాభారతంలోని ఇరావంతుణ్ని ఒక రాత్రికి పెళ్లాడి మర్నాడు తాళి తెంచుకుని ఏడుస్తారు. పత్రికల వాళ్ల కెమెరాలన్నీ ఆ ఏడుపు మీదే ఉంటాయి. కానీ ఆ జాతర రోజుల్లోనే విల్లుపురంలో సదస్సులు జరుగుతాయి, పాటలుంటాయి, అందాల పోటీలుంటాయి, ఏడాదికోసారి కలిసే వాళ్ల మధ్య తెల్లవార్లూ కబుర్లుంటాయి. సాహిత్యానికి కావలసిన ముడిసరుకు ఆ కబుర్లే.

మరి తెలుగులో? రేవతి తమిళంలో రాసిన ఆత్మకథను వి.గీత ఇంగ్లీషు చేస్తే 2010లో పెంగ్విన్ వేసింది. ఆ ఇంగ్లీషు నుంచి పి.సత్యవతి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ‘ఒక హిజ్రా ఆత్మకథ’కు 2019 సంవత్సరానికి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం దక్కింది. సత్యవతి గారి వచనం చదివిన వాళ్లెవరూ అది అనువాదమని గుర్తుపెట్టుకోరు, అంత బాగుంటుంది. సంతోషమే. కానీ పక్క రాష్ట్రం నమక్కల్ దగ్గరి పల్లెటూరి కథ ఇంగ్లీషు మీదుగా మనకు చేరింది, సికింద్రాబాద్‌లోనో తాడేపల్లిగూడెంలోనో పుట్టిన మనిషి కథ నేరుగా తెలుగులో అంత ప్రచారంతో మన చేతికి రాలేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ, పురుష గడులు కాక ‘ఇతరులు’ గడిలో నమోదైన వాళ్లు 43,769 మంది. దేశంలో ఉత్తరప్రదేశ్ తర్వాత ఇదే పెద్ద సంఖ్య. ఇంతమందిలో రాసేవాళ్లు లేరంటే నేను నమ్మను.

తెలుగు సాహిత్యంలో కొత్త గొంతులు ఎలా వచ్చాయో చూస్తే దారి కనిపిస్తుంది. స్త్రీవాద కవిత్వానికి 1993లో ‘నీలిమేఘాలు’, దళిత కవిత్వానికి 1995లో ‘చిక్కనవుతున్న పాట’, ముస్లిం కవిత్వానికి 1998లో ‘జల్‌జలా’. తర్వాత దళిత స్త్రీల రచనలతో గోగు శ్యామల కూర్చిన ‘నల్లపొద్దు’. ప్రతిసారీ ఒక సంకలనం వచ్చింది, దాని చుట్టూ సభలు జరిగాయి, పత్రికల్లో కొట్లాటలు జరిగాయి. సంకలనానికి ఎవరి కవితలు తీసుకోవాలో ఎక్కువసార్లు ఆ గొంతుల్లోంచి వచ్చినవాళ్లే తేల్చుకున్నారు. ‘కవిత్వానికి ఆడా మగా ఏమిటి, కులమేమిటి’ అని అప్పుడూ అడిగారు. ఇప్పుడు ‘సాహిత్యానికి జెండర్ ఏమిటి’ అంటున్న వాళ్లకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు, పాత పత్రికల ఫైళ్లు తిరగేస్తే చాలు.

మన సభ ఆహ్వాన పత్రిక ఒకటి తీసి చూడండి. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. అందరి పేర్లూ అయ్యాక, వందన సమర్పణకు ఒక్క గీత పైన, ‘ట్రాన్స్‌జెండర్ కవయిత్రికి సత్కారం’. పిలిచిన టైముకు ఆమె వస్తుంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, ముఖ్య అతిథి గంటన్నర. శాలువా, జ్ఞాపిక, ఫోటో. మైకు ఆమె చేతికొచ్చేసరికి హాలు వాళ్లు లైట్లు ఆర్పడానికి చూస్తుంటారు. ‘టైము లేదమ్మా, రెండు నిమిషాల్లో మీ అనుభవాలు చెప్పండి’ అంటారు. కవిత కాదు, అనుభవాలు! ఆ పూట సంపాదన వదులుకుని, ఆటోకు డబ్బులు పెట్టుకుని వచ్చిన మనిషికి ఆ శాలువా ఏ పూటా కూడు పెట్టదు. ముఖ్య అతిథికి కారు పంపే నిర్వాహకులకు కవికి పారితోషికం ఇవ్వాలని ఎందుకు తోచదో నాకెప్పటికీ అర్థం కాదు.

అనుభవాలు అడగడంలో ఇంకో చిక్కుంది. ట్రాన్స్ రచయిత అనగానే పాఠకుడికి కష్టాలు కావాలి: ఇంట్లోంచి వెళ్లగొట్టిన రాత్రి, ఆపరేషన్, పోలీస్ స్టేషన్. అవి నిజాలే, రాయాల్సినవే. కానీ అదే మనిషి వర్షం మీద రాస్తే, ప్రేమ మీద రాస్తే, గురువు పెట్టే చాదస్తపు రూల్స్ మీద నవ్వొచ్చే కథ రాస్తే వేదిక మీద పెద్దలకు ఏం చేయాలో తోచదు. మన సినిమాలు దశాబ్దాలుగా హిజ్రాను నవ్వుల పాలు చేశాయి, సభలు ఏడుపుకు పరిమితం చేస్తున్నాయి. తమవాళ్లే నడుపుకునే చోట ఈ బాధ తక్కువ. తెలిసిన కష్టం తెలిసినవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు కాబట్టి కవితలో వాక్యం ఎలా ఉందన్న మాట వస్తుంది.

ట్రాన్స్ పురుషులు, ఆడా మగా గడుల్లో ఇమడని నాన్ బైనరీ మనుషుల సంగతి వేరు. హిజ్రాలకు గురువు, చేలాలు (శిష్యులు), జమాత్ (సముదాయం) అనే ఆసరా ఉంది, అందులోని పెత్తనాలు ఎలా ఉన్నా. ట్రాన్స్ పురుషుల్లో చాలామంది ఇంట్లోనే, ఆడపిల్లగా లెక్కలో ఉండిపోతారు. సాయంత్రం ఆరింటికి మొదలై తొమ్మిదింటికి ముగిసే సభకు వాళ్లు రాలేరు. వచ్చినా మర్నాడు ఫోటో పేపర్లో పడితే ఇంట్లో గొడవ. అందుకే ఇలాంటి సభలు నడిపిన అనుభవం ఉన్నవాళ్లు ఫోటో వద్దన్నవాళ్లకు వేరే రంగు బ్యాడ్జీ ఇస్తారు, ఏ బాత్రూమ్ ఎవరు వాడొచ్చో తలుపు మీద రాస్తారు, రిజిస్ట్రేషన్ కాగితంలో ఆధార్ పేరు కాకుండా పిలవమన్న పేరు అడుగుతారు. కోల్‌కతాలో సాఫో ఫర్ ఈక్వాలిటీ అనే సంస్థ వాళ్ల ‘స్వకంఠే’ పత్రికకు పుస్తక ప్రదర్శనలో ఆదరణ రావడానికి ఒక కారణం, సభకు రాలేనివాళ్లు కూడా అందులో రాయగలగడం.

తెలుగులో నాన్ బైనరీ రచయితకు ఒక సదుపాయం ఉంది. ‘నేను వచ్చాను’ అంటే వచ్చింది ఎవరో క్రియ బయటపెట్టదు. హిందీలో ఆ వెసులుబాటు లేదు, ‘నేను’ అన్నాక కూడా ఆడా మగా తేల్చుకోవాల్సిందే. తెలుగులో కథంతా ఉత్తమ పురుషలో హాయిగా నడిపించొచ్చు. చిక్కంతా యాంకర్ మైకు పట్టుకుని ‘ఇప్పుడు వస్తున్నది’ అనాలో ‘వస్తున్నాడు’ అనాలో తెలియక తడబడ్డప్పుడే. పరిచయం వాళ్లనే చేసుకోమంటే పోదా?

హైదరాబాద్‌లో 2013 నుంచి క్వీర్ స్వాభిమాన యాత్రలు జరిగాయి, బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి చోట్ల ఇలాంటి మాటలకు ఇంత జాగా దొరికింది. వాటి మేలు కాదనలేం. కానీ చర్చ చాలావరకు ఇంగ్లీషులో నడుస్తుంది. కరీంనగర్ నుంచి వచ్చిన హిజ్రా అక్క వెనక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టి వెళ్లిపోతే, ఆ మీటింగు బంజారాహిల్స్ దాటనట్టే. ఆ అక్కకు రాయడం రాకపోవచ్చు, పాడటం వచ్చు. బళ్లారి జిల్లాకు చెందిన ట్రాన్స్ మహిళ మంజమ్మ జోగతి ఎల్లమ్మ పాటలు, జోగతి నృత్యం నేర్చి కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలయ్యారు, పద్మశ్రీ అందుకున్నారు. ఎల్లమ్మ మనకూ దేవతే. ఆమె పేరున మన ఊళ్లలో పాడేవాళ్లలో ట్రాన్స్ మనుషులున్నారు. వాళ్ల పాట రికార్డు చేసి, పాడినవాళ్ల పేరుతో అచ్చేస్తే అదీ సాహిత్యమే.

‘వేరే సభలు పెడితే వేరే గూట్లో పెట్టేసినట్టు కాదా’ అని ఒక మిత్రుడు అడిగాడు. ఆ ప్రమాదం ఉంది. నాల్సా తీర్పు వచ్చిన ఏప్రిల్ 15కో, ప్రైడ్ నెల అయిన జూన్‌కో గుర్తొచ్చి మిగతా 11 నెలలు మరిచిపోతే గూడే అవుతుంది. దానికి మందు వేరు సభలు మానేయడం కాదు, వాటిని తరచుగా, చిన్నగా పెట్టుకోవడం. పదిహేను మంది కూర్చోగల గది, ఒక రాత వర్క్‌షాప్, చదివినదాన్ని మొహమాటం లేకుండా దిద్దే ఒకరిద్దరు. మనకు వచన కవితను దిద్దడం అంటే అవమానంగా భావించే అలవాటుంది, ట్రాన్స్ కవి విషయంలో జాలి కూడా తోడై ఎవరూ ఒక్క పాదం కొట్టేయరు. అది గౌరవం కాదు.

ప్రచురణకర్తలు చేయగల పని ఇంకా సులువు. ఒక సంకలనం. సంపాదకవర్గంలో సగానికి పైగా ట్రాన్స్, నాన్ బైనరీ రచయితలు. రాసినవాళ్లకు ముందే పారితోషికం, ఏ పేరుతో రావాలో వాళ్ల ఇష్టం, ఫోటో ఐచ్ఛికం, రాయలేనివాళ్ల పాటలకు, మాటలకు కొన్ని పేజీలు. పుస్తకం వచ్చాక ఆవిష్కరణ సభ పెట్టుకోవచ్చు. ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలో, ఆయనకు ఎన్ని నిమిషాలివ్వాలో వాళ్లే చూసుకుంటారు.