రద్దు కాదు, సవరణ కావలెను

2014 మే నెలలో వెలువడిన ఆర్డినెన్సును జూలైలో పార్లమెంటు చట్టము గావించెను. పోలవరము ముంపు నిమిత్తమై ఖమ్మము జిల్లా మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమున కలిసెను. భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచెను. దాని చెంతనున్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నము, కన్నాయిగూడెము, పిచుకలపాడు పంచాయతీలు ఆవలికి పోయెను. రాములవారి గుడి ఈవల, మాన్యము పురుషోత్తపట్నమున. రోగికి చేరువైన ఆసుపత్రి భద్రాచలమున నున్నది. ప్రభుత్వ వైద్యపథకములో, రాష్ట్రమునకొక్కటి.

చట్టమంతయు రద్దుచేయుడని కేకలు వేసిన ఫలమేమి? పోలవరముతో ముడివడినదానిని ఢిల్లీ కదలింపదు. ఈ అయిదు పంచాయతీల మట్టునకు సవరణ కోరుటయే వివేకము. రాజ్యాంగము 3వ అధికరణము ననుసరించి హద్దులు మార్చునది పార్లమెంటే. 4వ అధికరణము అట్టి చట్టమును రాజ్యాంగ సవరణగా నెంచదు గనుక సామాన్యాధిక్యమే చాలును. శాసనసభల అభిప్రాయము పార్లమెంటును బంధింపదు, నిజమే. కాని ఉభయ రాష్ట్రముల సభలును ఒక్కమాటగా తీర్మానించినచో ఢిల్లీకి సాకు మిగులదు.

కావున మొదట గ్రామసభలు, పిదప హైదరాబాదు, అమరావతి, తుదకు పార్లమెంటు. ఇది ఆంధ్ర సోదరులపై కయ్యము కాదు. వారి సమ్మతి లేనిదే సాగని కార్యము. పంచాయతీల పెద్దలారా! కోపమును కాగితముపై పెట్టుడు. ముందు గ్రామసభ తీర్మానము వ్రాయుడు.