బీరువాలో పద్యం

పాత గ్రామఫోను ప్లేట్లు పోగుచేసే రసికులు "మొదటి అచ్చుకున్న నాదమే వేరు" అంటారు. కాదనను. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ లక్క ప్లేట్లకు తర్వాత తీసిన నకళ్ళు చాలావాటిలో, బరబర తగ్గించబోయి గొంతులోని పదునుకూడా చెరిపేశారు. అసలు ప్లేటు కావాలనటం తప్పుకాదు. దానికి తాళం వెయ్యటం తప్పు.

ఈలపాట రఘురామయ్యది మా వడ్లమూడికి దగ్గరున్న సుద్దపల్లి. స్థానం నరసింహారావుది బాపట్ల. ఆ గొంతులకు సానపట్టిందెవరు? తెల్లవార్లూ నేలమీద కూర్చుని, "వన్స్‌మోర్" అంటూ పద్యాన్ని మళ్ళీ మళ్ళీ పాడించుకున్న రైతులూ కూలీలూ కారా? కంపెనీ ఆ పద్యాన్ని మూడు నిమిషాలకు కుదించి అమ్ముకుంది. ముల్లు పెడితే అరుగుతుందని ఈ రసికులు దాన్ని అసలే మూగను చేశారు. నాదంకోసం కొన్నవారి ఇంట నాదమే లేదు!

చెత్తకొట్లనుంచి ప్లేట్లను కాపాడిందీ వీరే. ఆ రుణం మరవను. కాని మన చట్టంలో రికార్డింగుపై హక్కు 60 ఏళ్ళే. 1930లనాటి ప్లేట్లపై కంపెనీ హక్కే చెల్లిపోయింది. ఒక్కసారి మంచి ముల్లుతో తిప్పి, నకలు తీసి, పిల్లలకు వినిపించటానికి అడ్డేమిటి? ఇదే అడిగితే ఒక పెద్దమనిషి నాకు లేబులు చూపించి, ప్లేటును మళ్ళీ కవరులో పెట్టేశాడు.