అన్నా, రావట్లేదు

రాత్రి పదకొండున్నర దాటాక మా హాస్టల్లో ఎవరి ఫోన్ మోగినా విషయం ఒకటే. "అన్నా, రావట్లేదు." ఆ మాట కింద ఒక ఫొటో ఉంటుంది. ల్యాప్‌టాప్ స్క్రీన్‌ని ఫోన్‌తో పక్కనుంచి తీసిన ఫొటో. అందులో ట్యూబ్‌లైట్ వెలుగు పడి ఉంటుంది, తీసినవాడి వేలు ఉంటుంది, సగం కోడ్ ఉంటుంది, కింద ఎర్ర అక్షరాలు మొదలవుతూ ఉంటాయి. అసలు కావలసిన చివరి లైను మాత్రం ఫొటోలో ఉండదు. తెల్లారితే పైథాన్ ల్యాబ్.

ఆ మెసేజ్‌లు నేనూ పంపాను. ఇప్పుడు ఫైనలియర్‌కి వచ్చాను కాబట్టి నాకు వస్తున్నాయి. రెండు పక్కలా ఉండి చూశాక నా అభిప్రాయం ఇది: మనలో చాలామందికి పైథాన్ రాకపోవడానికి కారణం పైథాన్ కాదు. మనం అడిగే తీరు, మనం చెప్పే తీరు. ఇందులో పెద్ద తప్పు అడిగేవాళ్లదని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఎందుకో చెబుతాను.

ముందు అడిగేవాళ్ల సంగతి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎర్రర్‌ని కింది నుంచి చదవండి. పైథాన్ ఇచ్చే ట్రేస్‌బ్యాక్‌లో ఆఖరి లైన్లో ఏం జరిగిందో ఉంటుంది, దానికి కాస్త పైన ఎన్నో లైన్లో జరిగిందో ఉంటుంది. పైన ఉన్నదంతా అక్కడిదాకా ఎలా వచ్చిందన్న దారి మాత్రమే. మనం పైనుంచి మొదలుపెట్టి, రెండో లైన్లోనే భయపడి, ఫొటో తీసేస్తాం. ఇంకోటి, 2021లో వచ్చిన 3.10 నుంచి ఎర్రర్ మెసేజ్‌లు బాగా మెరుగయ్యాయి. పేరులో స్పెల్లింగ్ తప్పితే "మీ ఉద్దేశం ఇదా?" అని అసలు పేరు చూపిస్తుంది. కామా మర్చిపోతే మర్చిపోయారేమో చూసుకోమంటుంది. ఆ ఒక్క లైను ఓపిగ్గా చదివితే సగం మెసేజ్‌లు పంపక్కర్లేదు.

పంపాల్సి వస్తే నాలుగు ముక్కలు రాయండి. ఏం రావాలి, ఏం వచ్చింది, ఎర్రర్‌లో ఆఖరి లైను ఏమిటి, మీరు అప్పటికే ఏం చేసి చూశారు. ఎర్రర్‌ని ఫొటో తీయకండి, కాపీ చేసి పెట్టండి. ప్రోగ్రాం వంద లైన్లుంటే సంబంధం లేనివి తీసేస్తూ, అదే తప్పు పది లైన్లలో వచ్చేలా కుదించండి. నా అనుభవంలో అలా కుదిస్తుండగానే చాలాసార్లు తప్పు దొరికిపోయింది. మెసేజ్ సగం టైప్ చేసి, "ఓహో" అనుకుని, చెరిపేసిన రాత్రులు నాకు బోలెడు.

ఇక చెప్పేవాళ్ల సంగతి. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

నేను సెకండియర్‌లో ఉండగా మా గ్రూపులో ఫస్టియర్ తమ్ముడొకడు ఒక ప్రశ్న పెట్టాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన కుర్రాడు. "అన్నా, తెలుగు అనే మాటకి లెన్ పెడితే 6 వస్తోంది. మూడు అక్షరాలే కదా?" అని. కింద వరుసగా నవ్వు బొమ్మలు. ఒకడు "నీ పైథాన్‌కి తెలుగు రాదురా" అన్నాడు. నేను పెద్దమనిషి తరహాలో "ఇంగ్లీష్ మాట ఇవ్వు తమ్ముడూ, ప్రాబ్లమ్ ఉండదు" అని రాసి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆరు ఎందుకొచ్చిందో నాకూ తెలియదు. తెలియదని రాయడానికి మొహం చెల్లలేదు.

ఆ తర్వాత అతను గ్రూపులో ఇంకేమీ అడగలేదు. నాకు విడిగా మెసేజ్ పెట్టేవాడు. అందులోనూ ప్రశ్న ఉండేది కాదు. "అన్నా, ఏడో ప్రోగ్రాం కోడ్ ఉందా?" అంతే. నేను పంపేవాణ్ణి. కోడ్ పంపడానికి పది సెకన్లు చాలు, వివరించడానికి అరగంట కావాలి. పైగా పంపినందుకు "థాంక్స్ అన్నా, మీరు దేవుడు" అని వస్తుంది. ఎవరికి చేదు?

సెమిస్టర్ చివర ల్యాబ్ ఇంటర్నల్ వచ్చింది. అతనికి పడిన ప్రోగ్రాం నేను పంపినదే. విద్యార్థుల మార్కులు డిక్షనరీలో పెట్టి సగటు చూపించాలి. కోడ్ అచ్చుగుద్దినట్టు రాశాడు, నడిచింది కూడా. అప్పుడు మేడమ్ ఒక చిన్న మార్పు అడిగారట: పరీక్షకి రానివాళ్లని వదిలేసి సగటు తీయమని. ఒక్క ఇఫ్ పెడితే సరిపోతుంది, భాగించే సంఖ్య మార్చుకుంటే అయిపోతుంది. అతను ఇరవై నిమిషాలు స్క్రీన్ చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు వచ్చిన మార్కులు ఇక్కడ రాయను. సాయంత్రం మెస్ దగ్గర కనిపించి, "మీ కోడ్ కరెక్టే అన్నా, నాకే రాలేదు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నాకు అసలు సంగతి ఇంకా ఆలస్యంగా తెలిసింది. పోయిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి మన క్లబ్బు తరఫున ఒక పదాల ఆట చేద్దామనుకున్నాం. ఇన్ని అక్షరాల మాట చెప్పమంటే ప్రోగ్రామే లెక్కపెట్టి సరిచూడాలి. రాయడం మొదలుపెట్టగానే తెలుగుకి 6, అమ్మకి 4 వచ్చాయి. మాటని తిరగేసి రాయమంటే ఇంకా ఘోరం. ముందు ఏ అక్షరానికీ అంటుకోని కొమ్ము ఒకటి, తర్వాత తలకట్లు మారిపోయిన అక్షరాలు. అప్పుడు ఆ పాత ప్రశ్న గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట మేమంతా నవ్వింది దీనికే.

సంగతేమిటంటే, పైథాన్ 3లో స్ట్రింగ్ అంటే యూనికోడ్ కోడ్ పాయింట్ల వరుస. మన లిపిలో త ఒకటి, దాని ఎత్వం ఇంకొకటి. ల ఒకటి, కొమ్ము ఒకటి. గ ఒకటి, కొమ్ము ఒకటి. మొత్తం ఆరు. మనకి గుణింతంతో సహా ఒక్క అక్షరంలా కనబడేది కంప్యూటర్‌కి రెండు ముక్కలు. అమ్మలో అయితే అ, మ, పొల్లు గుర్తు, మళ్లీ మ, అలా నాలుగు. లెన్ తప్పు చెప్పడం లేదు. మనం అక్షరం అనేదీ, అది లెక్కపెట్టేదీ వేరు. ఒక ఫస్టియర్ కుర్రాడు మొదటి నెలలోనే ఇక్కడిదాకా వచ్చాడు. ఆ ఏడాది మా గ్రూపులో వచ్చిన ప్రశ్నలన్నింటిలో అదే మంచిదని ఇప్పుడు అనగలను. మేం చేసిందల్లా అతన్ని ప్రశ్నలు మానిపించి, కోడ్ అడుక్కునేవాణ్ణి చేయడం.

అందుకే సీనియర్లకి నా మాట: కోడ్ ఇవ్వకండి, కారణం ఇవ్వండి. ప్రతి ఏడాదీ తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలు ఓ అరడజను ఉంటాయి. వాటికి కారణాలు చెప్పడం ఏమంత కష్టం కాదు. ఉదాహరణకి:

2, 3 ఇస్తే కూడిక 23 వస్తోందంటారు. "ఇంట్ పెట్టు" అని ఊరుకోకండి. ఇన్‌పుట్ ఏది తీసుకున్నా స్ట్రింగ్‌గానే ఇస్తుందనీ, రెండు స్ట్రింగులని కూడితే పక్కపక్కన అతుక్కుంటాయనీ చెప్పండి. అప్పుడు రేపు దశాంశ సంఖ్య వస్తే ఫ్లోట్ పెట్టాలని వాడికే తడుతుంది.

లిస్టుని సార్ట్ చేసి వేరే పేరులో పెట్టుకుంటే నన్ వస్తోందంటారు. సార్ట్ అనే మెథడ్ ఉన్న లిస్టునే సర్దేస్తుంది, చేతికి ఏమీ ఇవ్వదు. కొత్త లిస్టు కావాలంటే సార్టెడ్ వాడాలి. గది సర్దడానికీ, సర్దిన ఇంకో గది ఇవ్వడానికీ ఉన్న తేడా.

ఒక లిస్టుని ఇంకో పేరుకి సమానం అని పెట్టి, రెండోదాన్ని మారిస్తే మొదటిదీ మారిపోయిందంటారు. అది కాపీ కాదు, ఒకే లిస్టుకి రెండో పేరు. ఇంట్లో చిన్నా అని పిలిచినా, కాలేజీలో హాల్‌టికెట్ పేరుతో పిలిచినా వచ్చేది ఒక్కడే కదా. నిజంగా రెండోది కావాలంటే కాపీ అని అడగాలి.

0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తోందంటారు. దీనికి పైథాన్‌ని తిట్టకండి, జావాలో చేసినా అంతే. మూడో వంతుని దశాంశాల్లో రాస్తే 0.333 అని ఎక్కడో ఆపాల్సిందే కదా. పదో వంతుని బైనరీలో రాసినా అదే పరిస్థితి. అందుకే దశాంశ సంఖ్యలు సమానమా కాదా అని నేరుగా పోల్చకూడదు, తేడా చాలా చిన్నదా అని చూడాలి.

రాండమ్ మాడ్యూల్ పనిచేయడం లేదంటారు. వెళ్లి చూస్తే వాడి ఫైలు పేరే రాండమ్. పైథాన్ ముందు ఆ ఫోల్డర్లోనే వెతుకుతుంది, కాబట్టి వాడి ఫైలునే తెచ్చి పెడుతుంది. ఫైలు పేరు మార్చమని చెప్పడం ఒక సెకను. ఎందుకో చెప్పడం ఇంకో అర నిమిషం.

ఇంకొకటి, జిరాక్స్ షాపులో దొరికే పాత ల్యాబ్ మాన్యువల్స్‌లో ప్రింట్‌కి బ్రాకెట్లు ఉండవు. అది పైథాన్ 2 పద్ధతి. దానికి సపోర్టు 2020 జనవరి 1తోనే ముగిసింది. మాన్యువల్ చూసి ఉన్నదున్నట్టు కొట్టినా రావట్లేదని ఏడ్చే తమ్ముడి తప్పు అందులో ఏమీ లేదు. ముందు ఆ మాట చెప్పండి.

ఇప్పుడు మీలో కొందరు అనుకుంటున్నది నాకు తెలుసు. ఇదంతా ఎందుకు, ఏఐని అడిగితే పోలా? అడగండి, నేనూ అడుగుతాను. అది అర్ధరాత్రి విసుక్కోదు, నవ్వు బొమ్మలు పెట్టదు. ఆ విషయంలో మాకంటే నయమని సిగ్గుపడుతూనే ఒప్పుకుంటాను. కానీ మనం దాన్ని ఎలా అడుగుతున్నాం? "ఏడో ప్రోగ్రాం కోడ్ ఇవ్వు" అనే కదా. అదీ నాలాగే పది సెకన్లలో మొత్తం ఇచ్చేస్తుంది. ల్యాబ్‌లో మేడమ్ ఒక చిన్న మార్పు అడిగినప్పుడు నేనూ పక్కన ఉండను, అదీ ఉండదు. కోడ్ అడగకుండా, నా కోడ్‌లో ఈ లైను ఎందుకు ఇలా చేస్తోందని అడిగితే దానివల్లా లాభమే. అంటే మళ్లీ ప్రశ్న దగ్గరికే వచ్చాం. సరిగ్గా అడగడం రానివాడికి ఎవరు చెప్పినా ఒకటే. సరిగ్గా అడగడం ఒకరితో ఒకరం మాట్లాడుకుంటేనే వస్తుంది. అదీ నవ్వరన్న నమ్మకం ఉంటేనే.

తెలుగులో అడగడం తక్కువని కూడా అనుకోకండి. "లూప్ ఒకసారి ఎక్కువ తిరుగుతోంది" అన్నది పూర్తి ప్రశ్నే. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లే తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు. మార్కులు, సగటు అని రాసి చూడండి, నడుస్తుంది. ఇఫ్, ఫర్ లాంటి కీవర్డులు మాత్రం ఇంగ్లీష్‌లోనే ఉండాలి. రికార్డులో అలా రాయమని చెప్పను గానీ, సరదాకి ఒకసారి చేస్తే భయం పోతుంది.

చివరగా, ఆ తమ్ముడి సంగతి. పదాల ఆట మధ్యలో ఆగిపోయిన రోజు రాత్రి అతని గదికి వెళ్లాను. "అప్పుడు నువ్వడిగిన ప్రశ్నకి జవాబు నాకు తెలియదు తమ్ముడూ, తెలిసినట్టు మాట్లాడాను, సారీ" అన్నాను. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచాడు. ఇద్దరం కలిసి రాశాం. గుణింతపు గుర్తుల్ని లెక్కలోంచి తీసేయాలి, ముందు పొల్లు గుర్తు ఉన్న హల్లుని ఒత్తుగా భావించి వదిలేయాలి, మిగిలినవి లెక్కపెట్టాలి. ఏ గుర్తు ఏ జాతిదో చెప్పడానికి యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్ పైథాన్‌తో పాటే వస్తుంది. పదిహేను లైన్లలో అయిపోయింది. తెలుగుకి 3, అమ్మకి 2 వచ్చాయి. ఇద్దరం టీకి వెళ్దామని లేచాం.

అతను తలుపు దగ్గర ఆగాడు. "అన్నా, మరి ఫోన్ అని ఇస్తే? చివర పొల్లు ఉంది కదా. దాన్ని వేరే అక్షరంగా లెక్కపెట్టాలా, ముందుదాంట్లో కలపాలా?" అన్నాడు.

"నాకు తెలియదు" అన్నాను. మళ్లీ వెనక్కి వచ్చి కూర్చున్నాం.