తాత పెట్టెలో తూటాలు

దసరా వస్తోందంటే ఇల్లు దులపాలి. అటక మీది సామానంతా కిందికి దిగాలి. యాదగిరిగుట్ట చుట్టుపక్కల, ఆలేరు, భువనగిరి వైపు ఒకప్పుడు వేట తుపాకి ఉన్న ఇళ్లు ఉండేవి. అలాంటి ఇంటి అటక మీంచి దిగిన రేకు పెట్టెలో ఏముంటాయి? పాత పహాణీలు, ఉర్దూలో రాసిన రసీదులు, చెదలు కొరికిన ఫొటో ఒకటి. అన్నిటికంటే అడుగున గుడ్డలో చుట్టిన చిన్న మూట. పట్టుకుంటే బరువు. విప్పితే వేలెడు పొడుగు ఇత్తడి తూటాలు ఆరో ఏడో! తాత పోయి ముప్ఫయ్యేళ్లయింది. తుపాకిని అప్పుడే పోలీస్ స్టేషన్లో అప్పగించారు. తూటాల సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు.

‘‘బాపమ్మా, ఇవి ఇంకా పేలుతయా?’’ అంటాడు మనవడు.

‘‘పేలకేం చేస్తయిరా! ముట్టకు’’ అంటుంది బాపమ్మ.

నిజానికి ఇద్దరికీ తెలియదు. తెలియని విషయం ఇంకోటుంది. సరిగ్గా ఇలాంటి తూటాల కోసమే అమెరికాలో, ఇంగ్లండులో కొందరు పాత సామాన్ల సంతలు గాలిస్తుంటారు. అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి కొందరైతే, అందులోని గుండును జాగ్రత్తగా తీసి, కొత్త గొట్టంలో బిగించి, తాతలనాటి రైఫిల్లో మళ్లీ పేల్చడానికి మరికొందరు. దీన్నే ‘హ్యాండ్‌లోడింగ్’ అంటారు. చేత్తో తూటా తయారుచేసుకోవడమన్నమాట.

తూటాలో ఉండేవి నాలుగే. మొనదేలి కనిపించేది గుండు. దాన్ని పట్టుకుని ఉండేది ఇత్తడి గొట్టం. గొట్టంలో మందు. అడుగున బొట్టుబిళ్లంత టోపీ. మీట నొక్కగానే తుపాకిలోని సూది టోపీని గుద్దుతుంది. రవ్వ లేచి మందు అంటుకుంటుంది. గుండు ఎగిరిపోతుంది. ఇత్తడి గొట్టం మాత్రం తుపాకిలోనే మిగిలిపోతుంది. దాన్ని పారేయకుండా కొత్త టోపీ తొడిగి, మందు తూచి పోసి, కొత్త గుండు బిగిస్తే మళ్లీ తూటా సిద్ధం. గోలీసోడా సీసాను మళ్లీ నింపుకున్నట్టే. కాకపోతే కొలతలో ఆవగింజంత తేడా వచ్చినా పగిలేది సీసా కాదు... తుపాకి, దాంతోపాటు పేల్చేవాడి ముఖం.

కొత్త తూటాలు కొనుక్కోవచ్చుగా అనిపించవచ్చు. దొరికితే కొనుక్కుంటారు. దొరకకపోవడంలోనే ఉంది కథంతా.

మంచి రైఫిల్‌కు నూనె పెట్టి తుడుస్తూ ఉంటే నూరేళ్లు నిలుస్తుంది. తూటా అలా కాదు. దాన్ని చేసే కంపెనీ ఉన్నన్నాళ్లే. పైగా వేట రైఫిళ్లు ఒక్క సైజులో రాలేదు. ఈ గందరగోళానికి కారణాల్లో మన దేశం పేరూ ఉంది! బ్రిటిష్ దొరలు పెద్ద జంతువుల వేటకు .450 సైజు రైఫిళ్లు వాడేవాళ్లు. సైన్యం దగ్గరున్న పాత మార్టినీ హెన్రీ రైఫిల్ గుండు కూడా ఇంచుమించు అదే సైజు. అలాంటివి కొన్ని తిరుగుబాటుదారుల చేతికి చిక్కాయి. వేట తూటాల్లోంచి గుండ్లు ఊడదీసి వాటికి నింపుకుంటారేమోనని సర్కారుకు భయం పట్టుకుంది. దాంతో 1907 ప్రాంతంలో ఆ సైజు రైఫిళ్లను, తూటాలను భారతదేశంలోకి రానివ్వకుండా ఆపేశారు. అంటే ఇవాళ సరదాగా చేసే హ్యాండ్‌లోడింగ్‌కు అప్పట్లో సామ్రాజ్యమే జడిసిందన్నమాట. లండన్‌లోని తుపాకుల కంపెనీలు ఊరుకుంటాయా? .465, .470, .475, .476 అంటూ వరసగా కొత్త సైజులు దించేశాయి. ఒకదాని తూటా మరోదానికి పట్టదు.

ఈ తూటాల్లో చాలావాటిని చేసింది బర్మింగ్‌హామ్‌లోని కైనాక్ కంపెనీ. ఎరుపు, పసుపు రంగుల అట్టపెట్టెల్లో వచ్చేవి. దేశాలు స్వాతంత్య్రం తెచ్చుకున్నాయి. దొరలు వెళ్లిపోయారు. వేట తగ్గిపోయింది. గిరాకీ లేక 1970 నాటికి కైనాక్ పెద్ద వేట తూటాలు చేయడం మానేసింది. ప్రపంచమంతటా వేలాది రైఫిళ్లు ఒక్కసారిగా ఇనుప కడ్డీలయ్యాయి. మళ్లీ 1990ల్లోగానీ ఇంగ్లండులోనే ఓ చిన్న సంస్థ ఆ పేరుతో తయారీ మొదలుపెట్టలేదు. ఈ మధ్యకాలంలో ఆ తుపాకులను బతికించింది ఇంట్లో కూర్చుని చేత్తో నింపుకున్నవాళ్లే.

పాత గుండే కావాలని పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. పులులు, అడవిదున్నల వేటకు వాడిన రైఫిళ్లలో రెండు గొట్టాలవి ఎక్కువ. రెండు గొట్టాల్లోంచి వెళ్లిన గుండ్లూ దూరాన ఒకేచోట తగిలేలా కంపెనీలో పనివాళ్లు పేల్చి చూసి, గొట్టాలను అటూఇటూ జరిపి అతికేవారు. అదీ ఒక ఫలానా బరువున్న గుండును దృష్టిలో పెట్టుకుని. బరువు మారితే ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పోతుంది. అందుకే ఆనాటి గుండు దొరికితే బంగారమే. గొట్టం, మందు, టోపీ కొత్తవి. గుండు మాత్రం ముత్తాతది.

తెలుగునేల మీద వేట గురించి రాసిన కెన్నెత్ ఆండర్సన్ గుర్తున్నాడా? బెంగళూరులో ఉండేవాడు. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో మనుషుల్ని తిన్న పులి వెంట తిరిగిన కథ ఆయన పుస్తకంలో ఉంది. ఆయన చేతిలో ఉండేది .405 వించెస్టర్. 1904లో అమెరికాలో పుట్టిన తూటా అది. మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు పట్టుకెళ్లిందీ అదే. తర్వాత కొన్నాళ్లకు ఆ తూటా బజారులో కనబడకుండా పోయింది. దాని అభిమానులు దశాబ్దాలపాటు చేత్తో నింపుకుని నెట్టుకొచ్చారు. చివరికి 2000 తర్వాతే మళ్లీ ఫ్యాక్టరీ తూటా వచ్చింది.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది మాత్రం .315. అప్పట్లో సైన్యం వాడిన త్రీనాట్‌త్రీ సైజు మామూలు జనానికి ఇవ్వకూడదన్న నిబంధన వల్ల దీన్ని తెచ్చారు. బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీ రైఫిల్, పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీ తూటా. తూటా అడుగున ‘కేఎఫ్’ అని ఇంగ్లిష్ అక్షరాలుంటే అది ఖడ్కీది. సేకరించేవాళ్లు మొదట చూసేది ఆ అడుగు ముద్రనే. కంపెనీ, సైజు, ఒక్కోసారి సంవత్సరం కూడా అందులోనే తెలిసిపోతుంది. రూపాయి నాణెం తిప్పి టంకశాల గుర్తు చూసినట్టు.

తుపాకి ఉండీ తూటా లేకపోతే ఎట్లుంటదో నల్గొండ జిల్లా పెద్దవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయినప్పుడు జనం చేతుల్లో ఉన్నవి గుతుపలు, వడిసెలలు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చాకే తుపాకుల కోసం వెతుకులాట మొదలైంది. నారాయణరెడ్డిది భువనగిరి దగ్గరి బొల్లేపల్లి. గుట్టకు దగ్గర్లోని కొలనుపాక నుంచి ఆరుట్ల రామచంద్రారెడ్డి, కమలాదేవి దంపతులు కదిలారు. దళాలకు ఆయుధశాల ఎక్కడిది? దొరల గడీల్లోని తుపాకులే. పులుల కోసం, పందుల కోసం కొన్నవి, హోదా కోసం గోడకు తగిలించినవి! తర్వాత పోలీసుల నుంచి లాక్కున్న రైఫిళ్లు తోడయ్యాయి. ఒక్కోటి ఒక్కో సైజు. తెచ్చిన తూటాలు అయిపోతే దుకాణానికెళ్లి కొనేది కాదు.

అందుకే ఆ రోజుల్లో బర్మారుకు అంత పేరు. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. పేరులోనే పనంతా ఉంది. గొట్టం మూతిలోంచి నల్లమందు పోసి, గుడ్డపీలికలు కుక్కి, సీసపు గుండ్లు వేసి, చువ్వతో దట్టించి, టోపీ పెట్టి పేల్చాలి. ఒక్కసారి పేల్చి మళ్లీ నింపేలోపు ఎదుటివాడి రైఫిల్ పదిసార్లు పేలుతుంది. కానీ దానికి కైనాక్ కంపెనీతో పనిలేదు. సురేకారం, గంధకం, బొగ్గు, సీసం... అన్నీ ఊళ్లో సంపాదించుకునేవే. హ్యాండ్‌లోడింగ్ అనే మాట వినని ఊళ్లలో ఆ పని అంతకుముందే ఉందన్నమాట. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లి జనం ఊరి బురుజెక్కి నాటు తుపాకులతోనే రజాకార్లను నిలువరించారు. 1948 ఆగస్టు 27న సైన్యంతో కలిసి వచ్చిన రజాకార్ల ముందు ఆ నాటు మందు నిలవలేదు. తొంభై మందికి పైగా చనిపోయారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది.

1951 అక్టోబరులో పోరాటం ఆగింది. తుపాకి మళ్లీ వేటకు వెళ్లింది. అప్పటి పక్క జిల్లా మహబూబ్‌నగర్‌కు ఆ పేరొచ్చిందే వేటంటే ప్రాణమిచ్చే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ మీదుగా. అమ్రాబాద్ అడవిలోని ఫరహాబాద్ నిజాంల వేట స్థలం. అక్కడ ఇవాళ పులుల అభయారణ్యం ఉంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక షికారు ముగిసింది. రైఫిళ్లు గోడకెక్కాయి, లైసెన్సులు ఒక్కొక్కటే రద్దయ్యాయి. పెట్టె అడుగున మూట మిగిలింది.

ఇప్పుడు మనవడి ప్రశ్న. పేలుతయా?

పేలవచ్చు. పేలకపోవచ్చు. మీట నొక్కిన క్షణానికి కాక, ఏమైందోనని గొట్టంలోకి తొంగిచూసే క్షణానికి కూడా పేలవచ్చు. ఆనాటి ఇంగ్లిష్ తూటాల్లో మందు పొడిలా ఉండదు. సేమ్యా పోగుల్లా ఉంటుంది. కార్డైట్ అంటారు. నైట్రోగ్లిజరిన్, గన్‌కాటన్, కాస్త వాజిలిన్ కలిపి చేసింది. గుట్ట మండలం వాళ్లకు ఈ మాటలు మరీ కొత్త కావు. పెద్దకందుకూరులో పేలుడు పదార్థాల ఫ్యాక్టరీ ఉండనే ఉంది. ఇలాంటి మందు వేడికి, తేమకు ఏళ్ల తరబడి పాడవుతుంది. మన ఎండల్లో రేకుల కింద అటకంటే పొయ్యి పక్కన పెట్టినట్టే. పాత టోపీల్లో పాదరసం కలిపిన రసాయనం ఉండేది. అది ఒకసారి పేలితే ఇత్తడిలోకి ఇంకి గొట్టాన్ని పెళుసు చేసేస్తుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది. మళ్లీ నింపి పేలిస్తే చీలిపోతుంది. పాత గొట్టాలను విదేశీ హ్యాండ్‌లోడర్లు ముట్టుకోనిది ఇందుకే. సీసపు గుండు మీద తెల్లటి బూజులాంటిది కనిపిస్తే అదీ విషమే. పిల్లల చేతికి తగలకూడదు. చింతపండు పెట్టి తోమడం, సుత్తితో తట్టి చూడటం, ‘ఏమవుతుందో చూద్దాం’ అని పొయ్యిలో వేయడం... ఏదీ వద్దు.

మందు కంటే ముందు పేలేది చట్టం. ఆయుధాల చట్టం-1959 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకే కాదు, తూటా కూడా ఉండకూడదు. తూటా భాగాలను, వాటిని తయారుచేసే యంత్రాలను కూడా ఆ చట్టం ‘మందుగుండు’ కిందే లెక్కిస్తుంది. అనుమతి లేకుండా తయారీకి దిగితే శిక్ష మామూలుగా ఉండదు. 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. అమెరికాలో షెడ్డులో కూర్చుని చేసే ఆదివారం సరదా, ఇక్కడ చంచల్‌గూడ దారి పట్టిస్తుంది. మళ్లీ వాడే ఉద్దేశం లేని చిన్నాచితకా భాగాలకు చట్టంలోని 45వ సెక్షన్‌లో కొంత మినహాయింపు ఉంది. అయితే పెట్టెలో దొరికింది ఖాళీ గొట్టమా, నిండు తూటానా, మినహాయింపు దేనికి వర్తిస్తుంది అన్నది ఇంట్లోవాళ్లు తేల్చుకునే విషయం కాదు. తెలియకుండా దగ్గరుంటే నేరం కాదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. నిజమే. కానీ పెట్టె తెరిచి చూశాక ‘తెలియదు’ అనడం కుదరదుగా!

దారి తేలికే. లైసెన్సు గడువు తీరిన ఆయుధాలను, తూటాలను దగ్గరి పోలీస్ స్టేషన్లోగానీ, లైసెన్సున్న తుపాకుల దుకాణంలోగానీ అప్పగించాలని 21వ సెక్షన్ చెబుతోంది. ఎన్నికలప్పుడల్లా తుపాకులను స్టేషన్లో జమచేసి వచ్చిన తాతల ఇళ్లకు ఈ పద్ధతి తెలిసిందే. మూటను సంచిలో వేసుకుని బస్సెక్కకుండా, ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి చెబితే మంచిది. తాత పాత లైసెన్సు పుస్తకం దొరికితే వెంట ఉంచుకోవాలి. అప్పగించాక రసీదు అడిగి తీసుకోవాలి. తుపాకి కూడా ఇంట్లోనే ఉండిపోయి, దాన్ని గుర్తుగా ఉంచుకోవాలనుకుంటే వారసులు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 2016 నాటి ఆయుధ నిబంధనల్లో అందుకు వీలుంది.

మూట వెళ్లిపోయాక పెట్టె మళ్లీ అటకెక్కుతుంది. అందులోని పహాణీలు మాత్రం పారేయకండి. వాటితో ఇంకా పనుంటుంది.