షెడ్డు నేలకు చెమ్మ

కారు షెడ్డులో కొత్తగా గచ్చు చేసినా చెమ్మ పోలేదా? దోషం గచ్చుది కాదు, కిందనున్న ఊటది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుంచీ మన చేలను తడుపుతున్న కాలువలే, నిండుగా పారే రోజుల్లో నేలలోని నీటిని పైకి లేపుతాయి.

అందుకే కాలువ పారేటప్పుడు పరీక్ష చేయండి. మూరెడు పాలిథిన్ ముక్క గచ్చుమీద పరిచి, అంచులు అతికించి, ఒక రోజు ఉంచండి. అడుగున నీటిబొట్లు పడితే చెమ్మ భూమిలోది. పైన పడితే గాలిలోది. గాలిలోదైతే గచ్చు తవ్వకండి, డబ్బు దండగ.

భూమిలోదైతే వేసవిలో కాలువ కట్టేశాక పని పట్టండి. పాత గచ్చు తవ్వి, ఇసుక పోసి, దిమ్మిస కొట్టి, మందపాటి పాలిథిన్ పరవండి. అతుకుల దగ్గర జానెడు ఒకదానిమీదొకటి రావాలి. గోడల వారన పైకి మడవాలి. ఆపైన కాంక్రీటు. ఒట్టి పైపూతలను నమ్మితే, మళ్ళీ కాలువ వచ్చేసరికి పెచ్చులూడతాయి!