వంతెనకి చందా ఇవ్వను

కాజ్‌వే అన్న మాటకి కువైట్‌లో ఒక అర్థం, కోనసీమలో ఇంకో అర్థం. ఇక్కడ కాజ్‌వే అంటే షువైఖ్ దగ్గర మొదలై, సముద్రం దాటుకుంటూ 36 కిలోమీటర్లు పోయి, సుబియా ఎడారిలో దిగే షేక్ జాబర్ వంతెన. మా వైపు కాజ్‌వే అంటే గోదావరి పాయకి అడ్డంగా తూములు పెట్టి పోసిన సిమెంటు గట్టు. ఎండాకాలం దాని మీద సైకిలూ పోతుంది, కొబ్బరికాయల లారీ కూడా పోతుంది. ఆషాఢంలో ఎర్రనీరు తగిలిందంటే గట్టు మునిగిపోతుంది. ఆ తరవాత పడవే గతి.

ఈ రెండిటి ఫొటోలూ పక్కపక్కన పెట్టి మనవాళ్ళు ఫోన్లలో తెగ పంపించుకుంటున్నారు. కింద ఒక వ్యాఖ్య: "దేశమంటే అదీ!" ఆ వెనకే ఇంకో మాట: "మన నాయకుల వల్ల అయ్యేది కాదు గానీ, తలా పది దినార్లు వేసుకుని మనమే కట్టించేద్దాం." పోయిన శీతాకాలం అబ్బాసియాలో మా ప్రాంతంవాళ్ళం నలభై మందిమి కూర్చున్నప్పుడు ఈ ప్రతిపాదన వచ్చింది. నేను ఇవ్వనన్నాను. పిసినారి అన్నారు. ఏరు దాటి తెప్ప తగలేసే రకం అని కూడా ఒకాయన అన్నాడు. తెప్ప తగలేసేది ఎవరో తేల్చుకుందామనే ఇది రాస్తున్నాను.

ముందు ఇక్కడి వంతెన సంగతి చూద్దాం. 2013లో పని మొదలైంది, 2019 మే 1న తెరిచారు. కొరియావాళ్ళ హ్యుందాయ్ కంపెనీ ముందుండి కట్టింది. దోహా వైపు పోయే 12 కిలోమీటర్ల శాఖ కూడా కలుపుకుంటే మొత్తం 48 కిలోమీటర్లు దాటుతుంది. ఖర్చు మూడు వందల కోట్ల డాలర్ల పైమాటే. మధ్యలో సముద్రంలో మట్టి పోసి రెండు దీవులు పుట్టించారు. జహ్రా మీదుగా బే అంతా చుట్టి గంటన్నర పట్టే దారి ఇప్పుడు అరగంటలోపే అయిపోతోంది. గొప్ప పని, కాదనను. ఇరవై ఏళ్ళకి పైగా ఇక్కడి నిర్మాణ సైట్లలో స్టోరు లెక్కలు రాస్తున్నవాణ్ణి. సముద్రంలో ఒక స్తంభం నిలబెట్టడమంటే ఎంత సరుకు, ఎంతమంది మనుషులు, ఎన్ని ఎండలో నాకు తెలుసు.

అయితే ఆ వంతెన ఎక్కడికి పోతుందో కూడా చూడాలి గదా! అవతల సుబియాలో ఒక విద్యుత్ కేంద్రం ఉంది. చలికాలం కువైటీలు వేసుకునే గుడారాలున్నాయి. మిగతాదంతా ఇసక. అక్కడ 'మదీనత్ అల్ హరీర్', అంటే పట్టునగరం, కడతామని ఇరవై ఏళ్ళ నుంచీ చెబుతున్నారు. లక్షల జనం ఉంటారట, వెయ్యిన్నొక్క రాత్రుల కథలకి గుర్తుగా 1001 మీటర్ల ఎత్తు గోపురం ఉంటుందట. ఆ నగరం ఇంకా కాగితం మీదే ఉంది. వంతెన మాత్రం నిజం. అంటే జనం ఇంకా పుట్టని ఊరికి ముందే దారి వేసిపెట్టారు.

ఇది వాళ్ళ దేశం, వాళ్ళ చమురు, వాళ్ళ ఇష్టం. తప్పు పట్టడానికి మనమెవరం? నేను చెప్పదలుచుకున్నది వేరు. వంతెన డబ్బుండి పుట్టదు, దయతలచీ పుట్టదు. సర్కారు కన్ను ఏ ఒడ్డు మీద పడితే ఆ ఒడ్డుకి వంతెన పడుతుంది.

నమ్మకపోతే ఈ దేశంలోనే ఇంకో రెండు దీవులున్నాయి, చూడండి. బుబియాన్ కువైట్‌లోకెల్లా పెద్ద దీవి. ఊరంటూ లేని బురదనేల. దానికి 1983లోనే రెండు కిలోమీటర్ల పైచిలుకు కాంక్రీటు వంతెన పడింది. ఎందుకయ్యా అంటే, అటుపక్క ఇరాక్ ఉంది గనక. 1991 యుద్ధంలో అది కూలితే మళ్ళీ కట్టుకున్నారు. రెండోది ఫైలకా. కంచుయుగం నుంచీ మనుషులు బతికిన దీవి. గ్రీకులు గుడి కట్టుకున్న దీవి. నగరానికి పట్టుమని ఇరవై కిలోమీటర్లు. దానికి వంతెన రాలేదు. 1990లో ఇరాక్ సైన్యం వచ్చి అక్కడి జనాన్ని వెళ్ళగొట్టింది. యుద్ధమయ్యాక వాళ్ళకి ఇవతల ఇళ్ళిచ్చి ఇక్కడే ఉండమన్నారు. ఇప్పుడు ఫైలకాకి వెళ్ళాలంటే సెలవురోజు ఫెర్రీ ఎక్కి, తూటాల చిల్లులు పడిన గోడలు చూసి రావడమే. మనుషులు లేని దీవికి వంతెన ఉంది. మనుషులున్న దీవి ఖాళీ అయింది.

"అది అరబ్బు దేశం, మనది ప్రజాస్వామ్యం" అంటారేమో. సరే, గోదావరి దగ్గరికే పదండి.

గౌతమికీ వసిష్ఠకీ నడుమ, వైనతేయ మధ్యలోంచి చీల్చుకుపోయే నేల మాది. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట ముగించాడు. ఆ రోజుల్లోనే గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడక్టు కట్టి, కాలవనే నదిమీదుగా అవతలి దీవికి దాటించారు. ఎద్దుబళ్ళ కాలంలో నదిని నది దాటింది! దాటించింది ప్రేమతోనా? నీళ్ళు పారితే వరి పండుతుంది, వరి పండితే శిస్తు వస్తుంది. కుంఫిణీ కన్ను ఆ ఒడ్డు మీద పడింది.

రైలు కథ ఇంకా విచిత్రం. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇనుము కావాలని పట్టాలు పీక్కుపోయారు. మళ్ళీ ఆ రైలు కూత వినడానికి 2004 దాకా ఆగాం. కోటిపల్లి దగ్గర గౌతమి దాటి, అమలాపురం మీదుగా నరసాపురం చేరాల్సిన లైను మంజూరై పాతికేళ్ళు నిండింది. బాలయోగి గారు స్పీకరుగా ఉన్న రోజుల నాటి కల అది. ఆయన 2002 మార్చిలో పోయారు. ఆ ఏడే తెరుచుకున్న యానాం-ఎదుర్లంక వారధికి ఆయన పేరు పెట్టుకున్నాం. ఆ వారధి పడ్డాక ఏమయిందో ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. పంటు కోసం రేవులో కాసుకుని కూర్చోవడం పోయింది. కాకినాడ ఆసుపత్రి దగ్గరయింది. చేపకీ, కొబ్బరికీ ధర అడిగే నోరొచ్చింది. కాబట్టి చేస్తే అవుతుంది. చెయ్యనిచోటే అవడం లేదు.

చెయ్యనిచోట్లు చెప్పమంటారా? సఖినేటిపల్లి-నరసాపురం మధ్య వసిష్ఠ మీద వంతెనకి శంకుస్థాపన ఒక్కసారి కాదు జరిగింది. రాయి వేసిన ప్రతివాళ్ళూ గట్టు మీదే వేశారు, నదిలో వేసినవాళ్ళు లేరు. జనం మాత్రం పంటు మీదే దాటుతూ వచ్చారు. గన్నవరం మండలంలో ఉడిమూడిలంక, పెదపూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక అని నాలుగు ఊళ్ళు. ఏటా ఎండాకాలం పాయలో మట్టి పోసి తాత్కాలికంగా బాట వేసుకోవడం, వరదకి అది కొట్టుకుపోవడం, నెలల తరబడి పడవల మీద బతకడం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు పోటెత్తిన వరద తరవాత ముఖ్యమంత్రే ఆ లంకలకి వెళ్ళారు, వంతెన వేయిస్తామన్నారు. మంచిదే. కానీ ఆ లంకలు 2022లో పుట్టలేదు. 1986లో ముప్పై అయిదు లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడూ అక్కడే ఉన్నాయి.

ఇక 2018 జూలై 14. ఐ.పోలవరం మండలం పశువుల్లంక రేవు. బడికి వెళ్ళిన పిల్లలు పడవెక్కి ఇంటికొస్తున్నారు. గౌతమి వరద మీద ఉంది. ఆ పడవ దేనికి కొట్టుకుని తిరగబడిందో తెలుసా? సగంలో ఆగి నీళ్ళలో నిలబడి ఉన్న వంతెన స్తంభానికి. ఏ వంతెన పూర్తయి ఉంటే ఆ పిల్లలు పడవే ఎక్కనక్కర లేదో, ఆ వంతెన స్తంభానికే! కొందరు పిల్లలు ఇంటికి చేరలేదు. కట్టని వంతెన కన్నా సగం కట్టి వదిలేసిన వంతెన ఇంకా ప్రమాదమని ఆ రోజు తెలిసింది.

నా సంగతీ ఒకటి చెప్పాలి. మాదీ లంకే. మా అక్కకి నొప్పులొచ్చిన రాత్రి పాయ నిండుగా ఉంది. సరంగు పడవ తియ్యనన్నాడు. అతన్ని తిట్టడానికి లేదు, చీకట్లో సుడి కనపడదు. తెల్లారేదాకా మంచం మీదే ఉంచి, వెలుగు రాగానే అదే మంచంతో సహా పడవలో పెట్టి దాటించాం. అక్క బతికింది. బిడ్డ దక్కలేదు. మా ఊళ్ళో ఇలాంటి కథ లేని కొంప చూపించండి.

"నాలుగు గడపల కోసం కోట్లు పొయ్యాలా, వాళ్ళనే గట్టు ఇవతలికి రమ్మంటే సరిపోదా?" అని చదువుకున్నవాళ్ళే అంటారు. ఫైలకా కథ అందుకే చెప్పాను. దారి లేని ఊరు తనంతట తనే ఖాళీ అవుతుంది. తరవాత "చూశారా, అక్కడ జనమే లేరు" అని లెక్క చూపిస్తారు. ఇంకో సాకు, గోదావరి దారి మార్చుకుంటుంది, ఇసకలో పునాది నిలవదు అని. సముద్రం అడుగు బురదలో వంతెన నిలబడిందని ఫొటోలు పంపిస్తున్నది మీరే కదండీ!

ఇప్పుడు చందా దగ్గరికొద్దాం. ఇక్కడ చందా పుస్తకం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్తారు? ఇంజనీర్ల దగ్గరికీ, దుకాణాలవాళ్ళ దగ్గరికీ మొదట వెళ్తారు. తరవాత ఖద్దామాగా పనిచేసే మన ఆడవాళ్ళ దగ్గరికి. ఇంటిపనివాళ్ళకి 2016లో ఈ దేశం పెట్టిన కనీస జీతం నెలకి 60 దినార్లు. అందులోంచే ఏజెంటు అప్పు, పిల్లల ఫీజు, తల్లి మందులు. అమ్మవారి జాతరకి ఇచ్చింది, ఊరి ముఖద్వారానికి ఇచ్చింది, ఇప్పుడు వంతెనకీ ఇవ్వాలా? అరవై దినార్ల మనిషి దగ్గర పది దినార్లు గుంజి కట్టిన వంతెన మీద రేపు రిబ్బను కత్తిరించేది ఎవరో నాకు తెలుసు, మీకూ తెలుసు. అత్త సొమ్ము అల్లుడు దానం.

ఒకసారి మనం కట్టించామా, ఇక అంతే. పక్క లంకవాళ్ళు వెళ్ళి వంతెన అడిగితే "మీ ఊరివాళ్ళు గల్ఫ్‌లో లేరా, కట్టించుకోరాదా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. గల్ఫ్‌లో మనిషి లేని లంక గతేమిటి? హక్కుగా అడగాల్సినదాన్ని మనం దానంగా మార్చేస్తే, దాత దొరకని ఊరికి ఎప్పటికీ దారి ఉండదు. నేను ఇవ్వననడానికి అసలు కారణం ఇదీ.

పడవ ప్రయాణికులకి లైఫ్ జాకెట్లు కొంటామంటే ఇస్తాను. వరదలో బియ్యం పంపుదామంటే ముందు నా పేరే రాసుకోండి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడ్డప్పుడు ఇక్కడి రాజంపేట మిత్రులకి ఇచ్చినట్టే ఇస్తాను. అది ఆపద. వంతెన ఆపద కాదు, ప్రభుత్వం చెయ్యాల్సిన పని. పన్నులు కట్టేవాళ్ళు ఆ ఒడ్డునా ఉన్నారు.

మరి ఇక్కడ కూర్చుని మనమేం చెయ్యగలం అంటారా? చాలా ఉంది. అసలు వంతెన రాకపోవడంలో మన వలసకీ భాగముంది. గట్టిగా అడగగల వయసువాళ్ళందరం విమానమెక్కేశాం. ఊళ్ళో ముసలివాళ్ళూ పిల్లలూ మిగిలారు. విదేశాల్లో ఉన్న భారత పౌరుడు ఓటరుగా నమోదు చేసుకోవచ్చని 2010లో చట్టం మార్చారు. మనలో ఎంతమంది చేసుకున్నాం? వేలు పెట్టడానికి మాత్రం ఊరికే వెళ్ళాలి, అది నిజమే. పెళ్ళికీ తీర్థానికీ పెట్టుకునే సెలవు ఒక్కసారి ఎన్నికలకి పెట్టుకోలేమా?

సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది. మనకీ వర్తిస్తుంది. ఒక్కో శంకుస్థాపన రాయి మీద ఒక్కో దరఖాస్తు పెడదాం: ఎంత మంజూరయింది, టెండరు ఎవరికి దక్కింది, ఎంత ఖర్చు రాశారు, ఏ స్తంభం దగ్గర ఎందుకు ఆగింది. కాగితానికి కాగితమే జవాబు చెప్పాలి. చందా పుస్తకం రాసే ఓపిక ఉన్న కార్యదర్శులు మనకి కావలసినంతమంది ఉన్నారు. ఆ ఓపిక ఇటు పెట్టమనే నేను అడిగేది.

ఇంకోటి. ఏటా ఎవరో ఒక నాయకుడు కువైట్ వస్తాడు. హాలు మాట్లాడతాం, శాలువా కప్పుతాం, బిర్యానీ పెడతాం, పక్కన నిలబడి ఫొటో దిగుతాం. ఓట్లప్పుడు మనం ఓడ మల్లయ్యలం, గెలిచాక బోడి మల్లయ్యలం. ఈసారి వచ్చినవారిని వేదిక ఎక్కించే ముందే మన లంకల పేర్లు రాసిన కాగితం చేతికిచ్చి, ఏ వంతెన ఏ నెలకి అవుతుందో మైకులో చెప్పమందాం. చెప్పింది రాసుకుందాం. మరుసటేడు వస్తే అదే చదివి వినిపిద్దాం. శాలువా ఆ తరవాత చూసుకోవచ్చు.

అబ్బాసియా సమావేశంలో తెరిచిన చందా పుస్తకంలో నా పేరు ఎదురుగా ఖాళీ వదిలారట. ఖాళీగానే ఉంచండి. అదే సంతకం సమాచార హక్కు దరఖాస్తు మీద కావాలంటే చెప్పండి, శుక్రవారం సెలవే, నేనే వస్తాను.