మడతలో దాగిన కట్టడము

మైపాడు మొదలు కృష్ణపట్నము దనుక మన నెల్లూరు తీరమున తాటిచెట్టు నెఱుగని ఇల్లాలు లేదు. లేత తాటాకు మొవ్వలో నున్నపుడు మడతమీద మడతగా ముడుచుకొని కత్తివలె సన్నగా నుండును. విచ్చుకొన్న పిదప విసనకఱ్ఱ యగును. విచ్చిన తరువాతను ఆ మడతల గట్లు ఆకులో నిలిచియే యుండును. అవియే లేకున్న అంత వెడల్పైన ఆకు సముద్రపు గాలికి వ్రేలాడిపోయెడిది. పలుచని వస్తువునకు మడతయే బలము. ఈ సూత్రమునే పట్టుకొని నేడు వాస్తుశిల్పులు చదునైన రేకులను, పలకలను మడచి గోడలను, పైకప్పులను కల్పించుచున్నారు. ఈ నెల మేము ముచ్చటింపదలచినది ఆ విద్యనుగూర్చియే.

రెండు గ్లాసులపై నొక కాగితమును వంతెనగా పఱచి చూడుడు. అది తన బరువునకే క్రుంగును. దానినే చీర కుచ్చెళ్లవలె సన్నగా మడచి మరల పఱచి, పైన తేలికపాటి గిన్నెను పెట్టుడు, మోయును. కాగితము పెరుగలేదు, మడతవలన దానికి ఎత్తు వచ్చినది. వంగుటకు ఎదురు నిలుచునది ఆ ఎత్తే. మన ఇండ్లపై వేయు రేకులకు అలలు దీర్చుటయు నిందులకే. అయితే మడత కప్పును వంగకుండ కాచునుగాని, తుపానుగాలికి ఎగిరిపోకుండ కాచునది గట్టి బిగింపే యని మరువరాదు.

మడతకు లెక్కయు కలదు. చదరపు కాగితమును సగమునకు, మరల సగమునకు మడచి విప్పుడు. నడుమ నాలుగు గీతలు కలిసికొనును. కొన్ని గట్టువలె పైకి లేచిన మిట్టమడతలు, కొన్ని కాలువవలె దిగిన పల్లపుమడతలు. ఒక తీరువి మూడు, రెండవ తీరుది ఒకటి; భేదము రెండు. ఎన్ని గీతలు కలిసినను, చదునుగా మడతపడు కాగితము లోపలి ప్రతి బిందువునొద్దను ఈ భేదము రెండే. జపాను దేశస్థుడగు జున్ మయెకావా పేర నీ నియమము ప్రసిద్ధము.

చదునైనదానిని వంపుగలదానికి తొడుగుట మఱింత కష్టము. కాగితమును బంతికి చుట్టినచో ముడుతలు పడక తప్పదు. ఇందులకు కారణమును 1827లో జర్మను గణితవేత్త గౌస్ నిరూపించెను. మఱి రవిక కుట్టునపుడు మన మేమి చేయుదుము? అదనపు గుడ్డను టక్కుగా లోపలికి మడచి కుట్టుదుము. జపాను పండితుడు టొమొహిరో టాచీ రచించిన ఆరిగామైజరు అను కంప్యూటరు సాధనము చేయునదియు నదియే. పలకలతో కూడిన ఆకృతి నొకదానిని దాని కిచ్చినచో, అదనపు భాగమెల్ల టక్కులుగా వెనుక దాగునట్లు, ఒక్క కాగితముపై మడతగీతలను గీసి చూపును. ఎరిక్ డిమేన్‌తో కలిసి ఆయన 2017లో ఈ పద్ధతిని మఱింత దృఢపఱచి ప్రకటించెను. మఱికొన్ని సాధనములు తెరపైననే రేకును మడచి, ఎక్కడ సాగి చినుగునో రంగులతో తెలుపును. కాగితమునకు లేని మందము లోహపు పలకకు కలదు గనుక కీళ్లయొద్ద ఎడము వదలవలెను. ఆ లెక్కనుగూడ ముందుగనే కట్టి, రేకు కోయకమునుపే తప్పు దిద్దుకొందురు. మయునికి సభ మనసులోనే కనబడియుండును. తక్కినవారికి ఈ యంత్రము చూపును.

మనవా రెందరో బ్రతుకుతెరువునకై పోవు గల్ఫు సీమలో, అబూదాబీయందు, 2012లో పూర్తియైన అల్ బహర్ గోపురములు కలవు. ఒక్కొక్కదానికి వేయికి పైగా ఎండతెరలు ఎండ ననుసరించి మడతలు విచ్చుచు, ముడుచుకొనుచు నుండును. మన తీరమందలి శ్రీహరికోట 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. అచ్చటినుండి 2025 జూలై 30న ఎగసిన నైసార్ ఉపగ్రహము, 12 మీటర్ల వెడల్పుగల బంగారుపూత జాలి యాంటెన్నాను గొడుగువలె ముడిచి కొనిపోయినది. ఆగస్టు 15న అది అంతరిక్షమున విచ్చుకొన్నది. కట్టడమైనను, ఉపగ్రహమైనను కీలకము మడతలోనే యున్నది.

ఇంతగా చెప్పుట కొక కారణము కలదు. పదవ తరగతి ముగిసిన ఆడపిల్లతో “నీకు లెక్కలెందుకు?” అనుమాట కొన్ని ఇండ్లలో నేటికిని వినబడుచున్నది. వాస్తువిద్యలో పట్టము పొందగోరు విద్యార్థికి ఇంటర్మీడియేటులో గణితము తప్పనిసరి. ఆనాడు మన మాడు ఒక్క మాట ఆ తలుపును మూసివేయును. విజయవాడలో 2008లో వెలసిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ మనకు అందరాని దూరము కాదు. గణితము విడిచిన పిల్లకు మాత్రము అది దూరమే. విస్తరి కుట్టి, కుచ్చెళ్లు దీర్చి, రవికకు టక్కు వేయు చేతులకు కొలత క్రొత్త కాదు. దానికి లెక్క తోడు కావలెను, అంతియే.

కావున పిల్ల కాగితము మడచుచు కూర్చున్నపుడు “ఆట చాలించు” మనకుడు. మడత విప్పి, నడుమ కలిసిన గీతలు మిట్టలెన్నియో పల్లములెన్నియో లెక్కింపుమని చెప్పుడు.